ఆరిన ఫర్నేసుకు కార్బన్ లెక్క

2024 వేసవి. సోమందేపల్లె దాటాక హైవే పక్కన ఓబులరెడ్డిగారి బోల్టుల ఫ్యాక్టరీ. నేను అనంతపురంలో ఎనర్జీ ఆడిటర్‌ని, అంటే ఫ్యాక్టరీల్లో కరెంటు, నూనె ఎంత ఖర్చవుతున్నాయో కొలిచి చెప్పే మనిషిని. మోటార్లు, బాయిలర్లు చాలా చూశాను కానీ, అంత తికమక పెట్టిన కేసు ఇంకొకటి లేదు.

వానను నమ్ముకుని వేరుశనగ వేసి విసిగిపోయిన కుటుంబం వాళ్లది. కొంత భూమి అమ్మి ఈ ఫ్యాక్టరీ పెట్టారు. ఫర్నేసులో, అంటే నూనెతో మండే పెద్ద పొయ్యిలో, ఇనుప కడ్డీలను ఎర్రగా కాల్చి బోల్టులు కొడతారు. అవి యూరప్ వెళ్తాయి. ఆ ఏడు అక్కడి కొనుగోలుదారు కొత్త మెలిక పెట్టాడు. కిలో బోల్టులకు ఎంత కార్బన్ పొగ వదిలారో లెక్క పంపాలి. ముందుముందు ఆ లెక్క మీదే అక్కడ పన్ను పడుతుంది. లెక్క ఎక్కువొస్తే ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది. ఆర్డరు పోతే ఫ్యాక్టరీ మూతే.

ఆ లెక్క కట్టడానికి నేను వెళ్లేసరికి అంతా పెళ్లివారిల్లులా ఉంది. గోడలకు సున్నం, ఫర్నేసుకు పసుపు కుంకుమ, గుమ్మానికి బంతిపూలు. ఆయుధపూజ ఇంత తొందరగా వచ్చిందా అనుకున్నాను. రెడ్డిగారు కొబ్బరికాయ కొట్టి, "ఇంక కానీమ్మా" అన్నారు. ఫర్నేసు వెలిగించారు. పూజ కోసం ఒక పూట ఆపారు కాబోలనుకున్నాను. నూనె పైపుకు ఫ్లో మీటరు బిగించి, ఎంత నూనె పోతోందో, ఎన్ని కిలోల బోల్టులు వస్తున్నాయో సాయంత్రం దాకా చూశాను.

లెక్క వేస్తే నా కళ్లను నేనే నమ్మలేదు. అలాంటి ఫర్నేసుకు రావలసినదానికి దాదాపు రెట్టింపు! మీటరు తప్పా, బోల్టులు తూచిన కాటా తప్పా, లేక నా బుర్రే పనిచేయడం లేదా? మళ్లీ వేశాను. అదే అంకె. తల పట్టుకుని కూర్చున్నాను.

"ఏమ్మా, బాగా తక్కువొచ్చిందా?" రెడ్డిగారు ఆశగా అడిగారు.

"ఎక్కువొచ్చింది సార్. ఎందుకో అర్థం కావడంలేదు."

"ఎట్లొస్తాదమ్మా? నువ్వొస్తాండావని మూడు దినాల ముందే పొయ్యి ఆర్పి కడిగిచ్చినా. ఒక్క చుక్క నూనె కాల్చల్యా! అదిగూడా చూసి ఇంకా తక్కువ రాయల్ల గదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే ఇల్లు అలికి ముగ్గేయడం మన మర్యాద. కానీ ఫర్నేసు లోపలి ఇటుకలు పూర్తిగా చల్లారితే, మళ్లీ కాగేదాకా ఒక్క బోల్టూ రాకుండానే నూనె తాగేస్తుంది. శుభ్రంగా కనబడాలని చేసిన పనే ఆయన్ని ముంచబోయింది.

"మసి ఉంటే ఉండనీండి సార్. ఎప్పుడూ ఎట్ల నడుస్తాదో అట్లే వారం నడపండి. మళ్లీ వచ్చి కొలుస్తా" అన్నాను. అలాగే కొలిస్తే లెక్క దిగింది. మరీ తక్కువేం కాదు, పాత ఫర్నేసు కదా.

రిపోర్టు ఇస్తుంటే ఆయన అడిగారు. "ఈ పన్ను దుడ్లు ఏం జేస్తారమ్మా?"

"ఇట్లాంటి పన్నులతో పొగలేని బస్సులు, సోలార్ కరెంటు, ఎండా చలీ ఆపే ఇండ్లు ఏర్పాటు చేస్తామంటున్నారు సార్."

"యాడ?"

"వాళ్ల దేశాల్లోనే."

బయట డీజిల్ ఆటోలోంచి రెండో షిఫ్టు పనివాళ్లు కిక్కిరిసి దిగుతున్నారు. ఆయన అటే చూశారు. "పొగ ఈడ, బస్సు ఆడనా? ఇదేం న్యాయమమ్మా!"

నిజమే కదా అనిపించింది. పొగకు వెల కట్టకపోతే ఎవరు తగ్గిస్తారన్నదీ నిజమే అనిపిస్తుంది. ఇప్పటికీ రెండింటి మధ్య నాకు ఎటూ తేలదు.

ఆర్డరు నిలిచింది, ఒక్క ఏడాదికి. ఆలోపు కరెంటు ఫర్నేసు పెట్టాలని కొనుగోలుదారు షరతు. ఆ సంగతి చెప్పడానికి రెడ్డిగారు ఫోన్ చేశారు.

"పొయ్యి మార్చల్లంటే దుడ్లు కావల్ల. దుడ్లు రావల్లంటే బోల్టులు అమ్మల్ల. బోల్టులు అమ్మల్లంటే పొయ్యి మార్చల్ల. యాడ మొదలుపెట్టేది తల్లీ?"

పొగను కొలవడం నా పని, బాగానే కొలుస్తాను. ఆ పొగ మీద వసూలైన పన్నులో కొంతైనా ఆ పొయ్యి దాకా తిరిగి రాకపోతే, నా కొలత ఆయనకు శిక్ష వేయడానికే పనికొస్తుందని ఆ కేసు నేర్పింది. ఫోన్‌లో ఆయనతో మాత్రం "బ్యాంకులో అడుగుదాం సార్, నేనూ వస్తా" అన్నాను.