పాసీ, పసీ, మా అవ్వా

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనిషికి తనకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదనిపిస్తుంది. తొంభైల మొదట్లో, బీయస్సీ జువాలజీ ఫస్టు క్లాసులో ప్యాసై మద్రాసు చూలైలోని మా ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో నా పరిస్థితి సరిగ్గా అదే. మాది అద్దాల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మా నాయన కిటికీలకు అద్దాలు కోసేవాడు, పటాలకు ఫ్రేములు కట్టేవాడు, అడిగినవాళ్ళకు చేపల తొట్లు అతికించి ఇచ్చేవాడు. నా సర్టిఫికెట్టుకు కూడా ఆయనే ఫ్రేము కట్టి, అంగడిలో వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా తగిలించాడు. (దాన్ని చూసి అదే రకం ఫ్రేము కావాలన్నవాళ్ళు ఇద్దరు. నేనేం చదివానని అడిగినవాళ్ళు ఎవరూ లేరు.)

అలా ఉండగా మా అంగడికి ఒక కళ్ళ డాక్టరు వచ్చాడు. కొత్తగా కట్టిస్తున్న ఆస్పత్రి హాల్లో గోడ పొడుగునా ఉప్పునీళ్ళ తొట్టి పెట్టించాలని ఆయన కోరిక. "ముందు మీరొకటి చేసి మూడు నెలలు నడిపి చూపించండి, నచ్చితే మీకే ఇస్తాను" అన్నాడు. మా నాయన అంతవరకూ మంచినీళ్ళ తొట్లు తప్ప ఎరగడు. అయినా ఆ రాత్రి అన్నం తింటూ నావైపు చూసి, "నువ్వు చదివింది అదే గదమ్మా! అద్దం వరకు నాది, ఆ లోపల ఏముంటే అదంతా నీది" అన్నాడు. నేను చాలా గంభీరంగా తలూపాను. నాకు అప్పటిదాకా తెలిసిన చేపలన్నీ కాలేజీలో ఫార్మలిన్ సీసాల్లో మునిగి, పేరు చీటీలు అంటించుకుని, తిండి అడక్కుండా బుద్ధిగా ఉన్నవే. ఆ ముక్క మాత్రం నాయనకు చెప్పలేదు.

నాలుగడుగుల తొట్టి తయారైంది. తిరువొత్తియూరు నుంచి ఒక ముసలాయన, మేమంతా పడవతాత అనేవాళ్ళం, డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు పట్టి టెంపోలో తెచ్చిపోశాడు. "ఎన్నూరు ఫ్యాక్టరీల పక్క మురికి నీళ్ళు కావు, పడవ మీద లోపలికి పోయి పట్టినవి" అని తమిళంలో ఒట్టేసి మరీ చెప్పాడు. రాళ్ళు పేర్చి, గాలి పంపు పెట్టి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపల్ని వదిలాం. వీధంతా వచ్చి చూసిపోయింది. రెండు వారాలు నేను మహారాణిని.

మూడో వారంలో అద్దం మీద గోధుమరంగు దుమ్ములాంటిది కనబడింది. తుడిచేశాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను. ఆ తర్వాత అది పచ్చబడింది. ఇంకో వారానికి రాళ్ళ మీద వెంట్రుకల్లాగా మొలిచి, నీళ్ళు కదిలినప్పుడల్లా నన్ను చూసి తలలూపడం మొదలుపెట్టింది. పాచి. మద్రాసులో తరతరాలుగా ఉంటున్న మాలాంటి తెలుగువాళ్ళ నోట్లో పాచి కూడా తమిళంలో లాగా 'పాసి' అయిపోయింది. పొద్దున లేస్తే బ్లేడుతో గీకడం, బ్రష్షుతో రుద్దడం, మోచేతుల దాకా ఉప్పు పట్టి దురదలు. గీకిందంతా నీళ్ళలో తేలి సాయంత్రానికి ఇంకో రాయి మీద కాపురం పెట్టేది. నేను వీధిలో అడిపంపు, అంటే చేతిపంపు, దగ్గర బిందెలు నింపి, ఆవిరైన నీటికి బదులు ఆ నీళ్ళు పోస్తూ, ఇది శాస్త్రీయంగా చేస్తున్నానని నమ్ముతూ ఉండేదాన్ని. మా అమ్మ ఆ వైపుకే వచ్చేది కాదు. "నేల మీద ఉప్పు మరకలు ఎవరు కడగాల?" అన్నది ఒక్కటే ఆమె ప్రశ్న.

మా నాయనతో ఇంకో తంటా. తెల్లారి అంగడి తలుపు తీసింది మొదలు రాత్రి మూసేదాకా తొట్టి మీద రెండు ట్యూబులైట్లు వెలగాల్సిందే. "లైటుకు పాసి పెరుగుతాది నాయనా, ఆర్పు!" అని నేను, "చీకట్లో పెడితే ఎవురు చూస్తారమ్మా?" అని ఆయన. నేను ఆర్పడం, ఆయన వెయ్యడం. ఆ స్విచ్చి మా ఇంట్లో ఎవరూ పడనంత బాధ పడింది.

నా గొంతు రోజురోజుకీ పెరిగింది. "పాసి! ఎప్పుడు చూసినా పాసి! ఈ పాసితో నేను చస్తా ఉండా!" అని పొద్దునా సాయంత్రం అరిచేదాన్ని. ఎంత అరిస్తే అంత పెరిగేది. నా మీద పగబట్టి పెరుగుతోందని కూడా అనుకున్నాను. (ఫస్టు క్లాసు జువాలజీ!)

మూడు నెలలు నిండాయి. డాక్టరు చెప్పిన ఆదివారం చెప్పిన వేళకే వచ్చాడు. తెల్లవారుజాము నుంచి గీకీ గీకీ నా వేళ్ళు నానిపోయాయి గాని, తొట్టి మాత్రం చెరువులా ఉంది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, వంగి, అటునుంచి ఇటునుంచి చూసి, "చేపలు ఎక్కడమ్మా?" అని చాలా మర్యాదగా అడిగాడు. "ఆ రాయి వెనకాల ఉంటాయి సార్" అన్నాను. రాయి కూడా కనబడటం లేదు.

సరిగ్గా అప్పుడు మా అవ్వ, నాయన తల్లి, వంటింట్లోంచి నింపాదిగా నడిచొచ్చింది. ఎవరున్నారో కూడా చూడకుండా కొంగులోంచి సగం ఇడ్లీ తీసి, చిదిమి, తొట్టిలో వేసింది.

"అవ్వా! ఏం చేస్తా ఉండావు?"

"ఏం చేస్తా ఉండానా? దినామూ చేసేదే! పొద్దున నువ్వు స్నానానికి పోతే ఒకతూరి, సాయంత్రం నువ్వు అడిపంపు కాడికి పోతే ఒకతూరి. పావం, నోరూ వాయీ లేని జీవాలు."

"ఎవురు వెయ్యమన్నారు నిన్ను?"

"నువ్వే గదమే! లేస్తానే 'పసి, పసి' అని ఇల్లు ఎగిరిపోయేట్టు అరస్తావు. పసి అంటావు, తిండి పెట్టవు. ఇంత చదువుకున్న పిల్లకి ఆ మాత్రం జాలి ఉండొద్దా?"

తమిళంలో పసి అంటే ఆకలి. మా అవ్వకు చెవులు కొంచెం మందం. మాటలు వినబడేవి గాని దీర్ఘాలు వినబడేవి కావు. నేను పాసి ఎక్కువైందని అరిచిన ప్రతిసారీ ఆమె చేపలకు ఆకలి ఎక్కువైందనుకుంది. నేను అరిచేకొద్దీ ఆమె ఇడ్లీ పెంచింది. ఇడ్లీ కుళ్ళి పాసికి ఎరువైంది. పాసి పెరిగి నన్ను మళ్ళీ అరిపించింది.

డాక్టరు మొదట పెదవులు బిగించుకున్నాడు. తర్వాత ఇక ఆగలేక, కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అవ్వ ఆయన్ని చూసి, "ఎవురీయన, కన్ను నీరు కారతా ఉండాది, డాక్టరుకు చూపించుకోరాదా?" అంది. లేచి వెళ్తూ ఆయన మా నాయన భుజం తట్టి, "హాల్లో పటాలు పెట్టిస్తాను లెండి. ఫ్రేములు మీరే కట్టండి" అన్నాడు.

నాయన ఆయన్ని గడప దాకా సాగనంపి వచ్చాడు. తొట్టి ముందు నిలబడి, "నా లైటు కూడా తప్పేలేమ్మా" అని తనే స్విచ్చి ఆర్పేసి అంగడిలోకి పోయాడు.

ఆ వారం పడవతాత తొట్టికి మార్చడానికి కొత్త నీళ్ళు తెచ్చినప్పుడు కథంతా చెప్పాను. అడిపంపు సంగతి కూడా దాచలేదు. ఆయన బీడీ ముట్టించుకుంటూ, "ఆ పంపు నీళ్ళు ఆపు, అవీ పాసికి తిండే. వెలుగు తగ్గించు, తిండి తగ్గించు. ఊరికే ఊరికే చెయ్యి పెట్టొద్దు పాపా. సముద్రాన్ని ఎవరైనా రుద్దుతారా?" అన్నాడు తమిళంలో. తరువాతిసారి రాళ్ళకు అతుక్కునే నల్లటి నత్తల్ని గుప్పెడు తెచ్చి తొట్టిలో వేసి పోయాడు. అవ్వకు తిండి సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి ఆమె నన్నే అనుమానంగా చూడటం మొదలుపెట్టింది, చేపలతోపాటు ఇంట్లోవాళ్ళనూ పస్తు పెడతానేమోనని.

చెయ్యి పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. బ్లేడు పట్టుకుని తొట్టి దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులెన్నో. నత్తలు వాటి తీరిక మీద అద్దాన్ని అంగుళం అంగుళం నాకుతూ పోయాయి. దాదాపు రెండు నెలల తర్వాత ఒక పొద్దున చూస్తే అద్దం ఉందా లేదా అన్నట్టుంది. రెండు చేపలూ, ఆ తెల్ల పట్టీలతో సహా, కొత్తగా కొన్నట్టున్నాయి. అందర్నీ కేకేశాను. నాయన బేరంలో ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అవ్వ ఒక్కతే వచ్చి, చాలాసేపు చూసి, "చిక్కినా కళగానే ఉండాయి" అని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

పాసి మీద గెలిచానని ఆ పూట నేను పొంగిపోయాను. ఆ రెండు నెలలూ నేను చేసింది ఏమీ చెయ్యకపోవడమే అని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నడుం మీద చేతులు వేసుకుని తొట్టి ముందు నిలబడిన ఆ ఇరవయ్యొక్కేళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఎదురుగా రెండు చేపలు హాయిగా ఈదుతున్నాయి, పక్కనే అవ్వ వాటిని మురిపెంగా చూస్తోంది. ఆ పిల్ల మాత్రం మెడ సాచి, అద్దం మూలల్లో ఎక్కడైనా ఒక్క పచ్చటి చుక్క మిగిలిందేమోనని వెతుకుతూ ఉంది.