నాలుగు లెక్కల నిశ్శబ్దం

నాకు భయం. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. బల్లంటే భయం, లిఫ్టంటే భయం, ఫోనులో తెలియని నంబరు కనిపిస్తే భయం. దుబాయ్ వచ్చిన కొత్తలో మెట్రోకి డ్రైవరు ఉండడని తెలిశాక, ఆడవాళ్ళ పెట్టెలో తలుపుకి ఆనుకునే నిలబడేదాన్ని, ఏమైనా అయితే ముందు దూకేది నేనే అవ్వాలని. అలాంటిదాన్ని స్టేజీ ఎక్కి రెండొందల మంది ముందు ఇంగ్లీషు పాట పాడానంటే మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యనీ. తలుచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి.

2012లో మేం దుబాయ్‌లోనే అల్ కుసైస్‌లో ఉండేవాళ్ళం. బహువచనం ఎందుకులెండి, ఉండేదాన్ని. మావారిని కంపెనీ ఖోర్ ఫక్కాన్ పోర్టుకి మార్చింది. అక్కడ ఆయనకి బ్యాచిలర్ రూమే ఇచ్చారు. ఇక్కడ ఫ్లాటు అగ్రిమెంటు ఇంకా ఏడాది ఉంది. గురువారం సాయంత్రం కొండలు దాటుకుని వచ్చేవారు, శనివారం సాయంత్రం వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ నేనూ, ఏసీ మోతా. కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలయాళీ ఆయనతో "దూద్, బ్రెడ్, ఖలాస్" అనడమే నా మాటలన్నీ.

ఒక బుధవారం మా అమ్మ ఫోను చేసింది. ఎత్తి హలో అనబోతే గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. మూడోసారికి ఏదో కీచుమంది. మా అమ్మ ఎవరండీ, ఎవరండీ అని రెండుసార్లు అడిగి, రాంగ్ నంబరనుకుని పెట్టేసింది. కన్నతల్లి! వంటింట్లో గచ్చు మీద అలాగే కూలబడిపోయాను. తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకున్న గొంతండీ అది. నాలుగు రోజులు వాడకపోతే పోయింది. రేపు అచ్చంగా పోతే? ఈ ఫ్లాటులో నేను పడిపోయి పిలిచినా ఎవరికి వినబడుతుంది? ఆ రాత్రి లైటు తీయకుండా పడుకున్నాను.

మర్నాడు క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరు నాలుక బయటపెట్టించి, టార్చి వేసి చూసి, ఏమీ లేదన్నాడు. పక్కన నర్సు నా ఫారం మీద ఊరి పేరు చూసి తెలుగులోకి దిగింది. నెల్లూరు సాయిబుల అమ్మాయి, నా కంటే పదేళ్ళు పెద్ద.

"గొంతుకేం కాలా అమ్మే. వాడకపోతే మూలబడిపోద్ది, అంతే. సోమవారం ఆరున్నరకి కిందికి దిగి ఉండు, నేనొచ్చి తీసకపోతా."

ఎక్కడికని కూడా అడగలేదు నేను. తెలుగు మాట విన్న సంబరంలో తలూపేశాను. ఆ రోజు నించీ ఆవిణ్ణి అక్కా అనే పిలిచాను.

తీసుకెళ్ళింది ఒక స్కూలు హాలుకి. నలభై మంది దాకా ఉన్నారు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు, గోవా వాళ్ళు, ఇద్దరు లెబనాన్ వాళ్ళు. ఆఫీసులయ్యాక వచ్చి కలిసి పాడతారు. వేసవికి ఊళ్ళు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక సెప్టెంబరులో మొదలుపెడతారు, డిసెంబరులో ఒక కచేరీ, మార్చిలో ఇంకోటి, ఎండలు ముదిరాక బందు. పాడించే మేడమ్ ఇంగ్లండు ఆవిడ, ఎన్నో ఏళ్ళు స్కూల్లో మ్యూజిక్ చెప్పి రిటైరైంది. సన్నగా, నిటారుగా ఉండేది. గట్టిగా అరిచేది కాదు, అదే ఇంకా భయం. ముందుగా పేర్లు పిలిచి హాజరు వేసేది. నా పేరు పిలిచినప్పుడు నాకు తెలిసి నేను పలికాను. ఆవిడ తల ఎత్తకుండా ఆబ్సెంట్ వేసేసింది. అక్క లేచి, ఉంది మేడమ్, ఇదిగో ఇక్కడే ఉంది అని నా భుజం పట్టుకుని చూపించాల్సి వచ్చింది.

నన్ను కింది స్థాయి పాడే ఆడవాళ్ళలో, వెనక వరసలో, అక్క పక్కన నిలబెట్టారు. ఆల్టో అంటారట. మొత్తం పన్నెండు మందిమి. వాళ్ళ నొటేషను నాకు బ్రహ్మరాత. విని, ఇంటికొచ్చి, రూళ్ళ పుస్తకంలో సరిగమల్లో తెలుగులో రాసుకునేదాన్ని. రెండు గంటలు పాడి వచ్చాక గిన్నెలు తోముతూ కూడా పాడేదాన్ని. నెల తిరిగేసరికి మా అమ్మ ఫోనులో, ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నావే అంది. నాకు లెక్క తెలిసిపోయింది. సోమవారం ఉంటే గొంతు ఉంటుంది. సోమవారం పోతే మళ్ళీ ఆ వంటింటి గచ్చే.

అందుకే ఆ పాటంటే అంత వణుకు పట్టుకుంది. డిసెంబరు కచేరీలో ఆఖరి పాట అది, మంచు గురించి. మాలో సగం మంది మంచుని ఫ్రిజ్జులో తప్ప చూడలేదు, అయినా ప్రాణం పెట్టి పాడేవాళ్ళం. రెండు చరణాలు, తర్వాత నాలుగు లెక్కలు నిశ్శబ్దం. పియానో కూడా వాయించదు. మేడమ్ చేతులు గాల్లోనే ఉంటాయి. ఆ తర్వాత ఆల్టోలు మాత్రం మెల్లగా అందుకుని ముగింపు పాడాలి.

నా ఖర్మ అక్కడే ఉంది. చిన్నప్పుడు మా సంగీతం టీచరుగారు చరణం అయ్యాక పల్లవి అందుకోకపోతే ఊరుకునేవారు కాదు. అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా లేచినట్టు ఉంటుందే అనేవారు. తొమ్మిదేళ్ళు అదే అలవాటు. నోటికి చరణం అయిందని తెలిస్తే చాలు, నన్నడక్కుండా పల్లవిలోకి వెళ్ళిపోతుంది. అక్టోబరులో ఒక సోమవారం అందరూ ఆగారు, హాలంతా ఊపిరి బిగబట్టింది, ఆ నిశ్శబ్దంలో నా ఒక్కదాని గొంతు ఖంగుమని పాట మొదటి లైను ఎత్తుకుంది. నలభై తలలు నా వైపు తిరిగాయి. భూమి చీలితే బాగుండుననుకున్నాను. మేడమ్ మళ్ళీ మొదటి నించీ పాడించింది. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే పని చేశాను. అప్పుడు మాత్రం రిహార్సల్ అయ్యాక నన్ను పక్కకి పిలిచింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే డిసెంబరులో నువ్వు కింద కూర్చుని వింటావు. ఆ తర్వాత నువ్వు ఇక్కడ ఉండాలా అన్నది ఆలోచిద్దాం" అంది, మెల్లగా, ఇంగ్లీషులో.

మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఏడ్చాను. అక్క తిట్టింది. తిట్టి, ఉపాయం కూడా తనే చెప్పింది. నిశ్శబ్దం రాగానే నా మోచెయ్యి గిల్లుతుంది, నేను నోరు మూసుకోవాలి. నవంబరంతా గిల్లించుకున్నాను. చెయ్యి కమిలి నల్లబడింది కానీ నోరు ఆగింది. ఒకరోజు గిల్లాక నొప్పికి నేను ఊపిరి ఆలస్యంగా తీసుకుంటే, పక్కవాళ్ళందరూ ఆలస్యంగా అందుకున్నారు.

"చూసినావా, ఈళ్ళకి కూడా నొటేషను రాదు. నువ్వు ఊపిరి తీస్తేనే అందరూ తీస్తుండారు" అని అక్క నవ్వింది. నేను వినలేదు. నా గొడవ నాది.

కచేరీ రోజు వచ్చింది. అందరూ నల్ల బట్టలు వేసుకోవాలన్నారు. నల్లటివి కట్టుకుంటే మా అమ్మ ఊరుకోదు, నా దగ్గర లేవు కూడా. అక్క చుడీదారే తెచ్చుకుని వేసుకున్నాను, వదులుగా, జారిపోతూ. మావారు సెలవు పెట్టుకుని ఖోర్ ఫక్కాన్ నించి వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. ఎందుకొచ్చారా అనిపించింది, నిజం చెప్తున్నాను. తెర వెనక నిలబడి ఉండగా ఫోను కదిలింది. అక్క మెసేజి. క్లినిక్‌లో ఇద్దరు రాలేదట, డ్యూటీ వదలనివ్వలేదట. గట్టిగా ఉండు అమ్మే, అని రాసింది.

గిల్లేవాళ్ళు లేరు. కడుపునొప్పని చెప్పి పారిపోదామనుకున్నాను, కానీ తలుపు దగ్గర మేడమే నిలబడి ఉంది. అప్పుడు ఒక దిక్కుమాలిన ఆలోచన చేశాను. రెండో చరణం అయ్యాక అసలు పాడనే కూడదు. పెదాలు బిగించేస్తాను. మిగతా పదకొండు మంది పాడుతుంటే నేనొక్కదాన్ని పాడకపోతే ఎవరికి తెలుస్తుంది? పదకొండు అని లెక్కేశాను చూడండి, అక్క రాలేదన్న సంగతి కూడా బుర్రలోంచి పోయింది.

ఆఖరి పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం. మేడమ్ చేతులు గాల్లో ఆగాయి. పళ్ళు కరుచుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నోరు ఆగింది! మేడమ్ మా వైపు చెయ్యి చూపించింది.

ఎవ్వరూ పాడలేదు.

మేడమ్ మళ్ళీ చెయ్యి చూపించింది. ఎవరో దగ్గారు. నా పక్కన ఒక్క భుజం కదలడం లేదు, ఒక్క ఊపిరి చప్పుడు లేదు. అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది. ఓరి దేవుడా, వీళ్ళందరూ నా కోసం ఆగారు. మేడమ్ కళ్ళు సూటిగా నా మీదే ఉన్నాయి. నేను పాడకపోతే ఈ పాట ఇక్కడే చచ్చిపోతుంది, రెండొందల మంది ముందు, మావారి ముందు. ఊపిరి తీసుకున్నాను. వరసంతా నాతో ఊపిరి తీసుకుంది. నోరు తెరిచాను. భయంలో నోటికి తెలిసింది ఒక్కటే కదా, పల్లవి వచ్చింది. మొదటి లైను.

పదిమందీ నా వెంట మొదటి లైనే పాడేశారు.

పియానో వాయించే గోవా తాత ముప్ఫయ్యేళ్ళు హోటళ్ళలో వాయించినవాడు, రెండు స్వరాల్లో పట్టుకున్నాడు. మగవాళ్ళు తెల్లబోయి, తర్వాత వాళ్ళూ కలిశారు. మేడమ్ మొహం తెల్లగా పాలిపోయింది కానీ చేతులు ఆపలేదు. పాట మొత్తం మళ్ళీ మొదటి నించీ నడుస్తోంది, నేను పాడుతూనే వణికిపోతున్నాను, ఎందుకంటే ఆ నిశ్శబ్దం మళ్ళీ వస్తోంది. ఈసారి పల్లవి ఎత్తితే ఈ పాటకి అంతంటూ ఉండదు, తెల్లారేదాకా పాడుతూనే ఉంటాం. మళ్ళీ చేతులు గాల్లో ఆగాయి. మేడమ్ వద్దంటుందని నెలల తరబడి మానుకున్న పని చేశాను. చేతిలో పాటల ఫైలు కింద చిటికెన వేలి నించి బొటనవేలితో తాళం లెక్క పెట్టుకున్నాను, టీచరుగారి దగ్గర కూర్చున్నట్టు. నాలుగు. ఊపిరి. వరసంతా ఊపిరి. ముగింపు మెల్లగా, సరిగ్గా వచ్చింది.

చప్పట్లు కొట్టారు. మేడమ్ నా పక్క నించే వెళ్ళింది, నా వైపు చూడలేదు. కారులో కూర్చుని మావారు, "మిగతావన్నీ ఏదోలా ఉన్నాయి గానీ, ఆ ఆఖరి దాంట్లో పల్లవి మళ్ళీ అందుకున్నారు చూడు, అప్పుడు పాటలా అనిపించింది" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడ్చాను.

జనవరిలో మొదటి సోమవారం స్టేషను దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. ఎవరూ వద్దనకముందే నేనే మానేస్తే పరువైనా దక్కుతుందని. ఆ వారమంతా బకాలా ఆయనతో తప్ప మాట్లాడలేదు. గురువారానికి గొంతులో మళ్ళీ ఆ గాలి చప్పుడు మొదలైంది. రెండో సోమవారం అక్క పైకే వచ్చి, చెప్పులు మాత్రం వేసుకోనిచ్చి, రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

మేడమ్ కుర్చీలు సర్దుతోంది. నన్ను చూసి, ఆల్టోల ముందు వరసలో మధ్య కుర్చీ, సరిగ్గా తనకి ఎదురుగా ఉన్నది, చేత్తో తట్టింది.

"నువ్వు ఇక్కడ. నువ్వు తప్పు పాడితే వీళ్ళందరూ నీ వెంటే తప్పు పాడతారు. అందుకని నా కళ్ళెదురుగా ఉండు."

కూర్చున్నాను. వెనక వరసలో ఉన్నప్పటి భయం భయమే కాదనిపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని హాజరు పిలవడం మొదలుపెట్టింది. నా పేరు వచ్చింది. ఉన్నానన్నాను. హాలు చివర కుర్చీలు మోస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.