పసుపు చుక్క

చీపురుపల్లి స్టేషన్ దగ్గరి అద్దెగదిలో ఉపేంద్ర రోజూ పొద్దున్నే లాప్‌టాప్ తెర తుడిచి, ఏడేళ్ల కూతురు కౌముదికి ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తాడు. ఎన్ని వేళ్లో ఆమె సరిగ్గా చెబితే గాని టీ ముట్టడు. ఈ మధ్య ఒక అడుగు దగ్గరగా నిలబడుతున్నాడు. చూపు తగ్గుతున్న ఆ పిల్ల కోసమే బ్రౌజర్‌లో తెలుగు అక్షరాలను పెద్దవి చేసే ఎక్స్‌టెన్షన్ రాసి, ‘కౌముది అద్దం’ అని పేరు పెట్టాడు. అప్పట్లో ఒక్క బ్రౌజర్‌లోనే నడిచేది. ఇప్పుడు అన్నిట్లోనూ నడుస్తోందని నిన్న పేరును ‘అందరి అద్దం’గా మార్చి, అక్షరాలు పెద్దవి కావడానికి తెర మీద నొక్కే పసుపు చుక్క గుర్తు తీసి నీలం గుర్తు పెట్టాడు.

ఈ ఉదయం కౌముది తెరకు ముక్కు ఆనించి వెతికింది. “నాన్నా, ఏటి సేసీసావు? నా పసుపు సుక్క కనపడ్నేదు.” “పేరు మారిస్తే మార్సావు, పిల్ల గుర్తెందుకు ముట్టుకున్నావు మావా?” అని భార్య సుహాసిని కసిరింది. ఆ తిట్టుకు ఉపేంద్రకు ప్రాణం లేచొచ్చింది. తప్పు పిల్ల కళ్లది కాక తనదే అయితే దిద్దుకోవచ్చు. గబగబా పాత గుర్తు తెచ్చి పెట్టాడు. పసుపు చుక్క తన చోట మళ్లీ వెలిగింది. “ఇప్పుడు సూడమ్మా,” అన్నాడు. కౌముది కదుపుతున్న మౌస్ బాణం ఆ చుక్క మీదుగానే దాటిపోయింది. “ఎప్పుడు పెడతావు నాన్నా?” అంది కౌముది. సుహాసిని అతని వైపు చూసింది. ఉపేంద్ర చొక్కా అంచు పట్టుకుని తెరను మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.