రబ్బరుతో చెరిపిన నాలుగు రాత్రులు

1986 మార్చి 3, సోమవారం. నరసరావుపేట, మా డాబా. హాజరు: నేను, నా భార్య, రేడియో మెకానిక్ భాయ్.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. దుర్భిణి నాది. దానికి తగిలించిన మీటరు భాయ్ చేసిచ్చింది. వెలుగు పడితే ముల్లు కదిలేది. ఒక గ్రహశకలం వెలుగును దానితో కొలిచేవాళ్లం. ఎగుడుదిగుడు రాయి కాబట్టి తిరిగేకొద్దీ వెలుగు పెరిగి తగ్గుతుంది. ఆ వరస మళ్లీ మొదటికొస్తే ఒక చుట్టు పూర్తయినట్టు. నేను చదివిన పుస్తకాల్లో అంతే ఉంది. మా ఏడు రాత్రుల అంకెల్లో నాలుగు రాత్రులవి ఆ వరసలో కూర్చోలేదు. మర్నాడే అంకెలను ఒక పరిశోధనశాలకు పోస్టు చెయ్యాలి.

మా ఊళ్లో ఏది తేడా చేసినా కరెంటు మీదికి తోసేస్తాం. నేనూ అదే అన్నాను.

“బ్యాటరీ మీద నడిచేదానికి కరెంటేంది మాస్టారూ?” భాయ్ నవ్వాడు.

“అయితే టంకం. పొద్దంతా ప్రభకు బల్బులు కట్టొచ్చి హడావిడిగా అతికించి ఉంటావు.”

శివరాత్రి దగ్గర పడింది. కోటప్పకొండ తిరునాళ్లకు బండ్ల మీద ఎత్తుగా కట్టి లాక్కెళ్లే ప్రభలకు దీపాలు కట్టడంలో అతని చేతికి పేరు. నవ్వు ఆగిపోయింది.

“నా టంకం ఊడదు. ఆ రాయి తిన్నగానే తిరగాలని ఏముంది? ప్రభను మలుపు తిప్పేప్పుడు చూళ్లేదా? తిరుగుతానే ఊగుతది. ఒకసారి ఊగినట్టు ఇంకోసారి ఊగదు.”

“కొండకి పోయే ప్రభా ఇది?” అన్నాను.

టార్చి పట్టుకుని అంకెలు రాసే నా భార్య కల్పించుకుంది. “అన్నయ్య చెప్పేది కూడా రాసి పంపండి. ఏం పోయింది?”

రాయలేదు. పెన్సిలుతో రాసుకుని, సరిచూసి, సిరాతో ఎక్కించి, పెన్సిలు గీతలు రబ్బరుతో చెరిపెయ్యడం నా పద్ధతి. ఆ రాత్రి వరసలో కూర్చున్న మూడు రాత్రుల అంకెలనే సిరాతో ఎక్కించి, పుస్తకమంతా చెరిపేశాను.

చానా ఏళ్లకు ఒక పత్రికలో చదివాను. కొన్ని గ్రహశకలాలు ఒకే ఇరుసు మీద తిరగవట, దొర్లుతూ ఊగుతాయట, వాటి వెలుగు ఒకే వరసలో తిరిగి రాదట. మా రాయి అలాంటిదో కాదో చెప్పలేను. చెప్పగలిగిన అంకెలు చెరిపింది నేనే. మీటరు విప్పి చూపించమని ఆ రాత్రి ఒక్క మాట అడిగినా సరిపోయేది.

మర్నాడు పొద్దున్నే, దుకాణం తెరవకముందే భాయ్ వచ్చాడు. కవరు ఇంకా అంటించలేదు. కాగితం తీసి వేలు పెట్టి చదివాడు.

“మూడేనా?”

“మూడే.”

మీటరు మూత విప్పి, ఒక్కొక్క అతుకునూ స్క్రూడ్రైవరుతో లాగి చూపించాడు. ఒక్కటీ కదల్లేదు.

“బ్యాటరీ ప్రభకు కావాల,” అంటూ బ్యాటరీతో పాటు మీటరునూ సైకిలు వెనక కట్టుకుని వెళ్లాడు. నేను కవరు అంటించి పోస్టాఫీసుకు బయలుదేరాను.