మెట్ల దగ్గరి ‘ఊఁ’

2019 చివర్లో సూరత్ శివార్లలోని ఒక ప్రైవేటు గోల్ఫ్ కోర్సులో సహాయ శిక్షకురాలిగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే ఆఖరి చోటు. నేను బడికి వెళ్లి చదువుకోలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది. ఆట నాన్నగారు నేర్పారు. ఆయన సికింద్రాబాదులో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి సంరక్షణ చూసేవారు. ఆ ఇంటి చదువుతోనే ఇంతదూరం రానిచ్చినందుకు రోజూ రేంజి, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోటు, తెరిచే ముందు దేవుడికి ఒక దండం పెట్టుకునేదాన్ని.

రేంజిలో బంతులు అందించే పనిలో శ్రీలత ఉండేది. వాళ్లది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. కాపురం సూరత్‌లోని ఉన్ అనే బస్తీలో. తండ్రి కనకయ్య సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసేవాడు. ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె ఐరన్ అనే ఇనుప తల గోల్ఫ్ కర్ర పాతది ఒకటి పట్టుకుని కొడుతుంటే చూసి, నేర్పడం మొదలుపెట్టాను. సహాయ శిక్షకుల సర్టిఫికెట్ కావాలంటే ముందు ఒక ఆట పరీక్ష నెగ్గాలి. నెగ్గితే ఉద్యోగం ఇస్తామని క్లబ్బు వారు మాట ఇచ్చారు. లేకపోతే ఆమె కూడా సాంచాల దగ్గరికే.

“ఆడ చెవులు పోతయ్ మేడమ్. మా నాయిన టీవీ పెడితే పక్కింటోళ్లు గుడ వాళ్ల టీవీ బంద్ చేసుకుని మాదే వింటరు” అని నవ్వేది.

మా పనిలో పునాదులు కొన్నే. కర్ర పట్టుకునే తీరు, పాదాల మధ్య ఎడం, బంతి ఏ పాదానికి ఎదురుగా ఉండాలన్నది, కొట్టాక ఒంటి బరువు ముందుకాలి మీదికి రావడం. ఇవి కుదిరితే మిగతాది ఎవరి ఒంటిని బట్టి వారిది. శ్రీలతకు ఇవన్నీ కుదిరాయి. ఆమెకంటూ ఉన్నది ఒక్కటే: కర్రను వెనక్కి ఎత్తాక, భుజం పైన, ఒక క్షణం పూర్తిగా ఆగేది. ఆ తర్వాతే కిందికి దించేది. బంతి గీత గీసినట్టు పోయేది.

ప్రధాన శిక్షకుడు దేశాయ్ గారికి ఆ ఆగడం నచ్చలేదు. పరీక్ష ఒత్తిడిలో మొదట విరిగేది అదేనన్నారు. పునాదులు గట్టిగా ఉన్నాయి కదా, ఆ ఆగడం ఆమె సొంత శైలి, ముట్టుకోవద్దని నేను అడ్డుపడ్డాను. ఆయన పెద్దమనసుతో నా మాటకే వదిలేశారు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కోర్సు మూశారు. శ్రీలత ఉన్‌లోని డాబా మీద సాధన చేస్తూ ఫోనులో వీడియోలు పంపేది. అద్దాలు పగలకుండా సాంచాల దగ్గర మిగిలిన పోగులను ఉండగా చుట్టి బంతి చేసుకుంది. ఒక వీడియోలో పక్క డాబా మీది ఆడమనిషి, “ఏందే లతా, పోలీసోళ్ల లాఠీ లెక్క తిప్పుతున్నవ్, మమ్మల్ని లోపటికి కొడ్తవా ఏంది?” అంటుంటే శ్రీలత నవ్వు ఆపుకోలేక కర్ర దించేసింది.

రాకపోకలకు వీలు కలిగాక ఒకసారి వాళ్లింటికి వెళ్లి ఆ డాబా చూశాను. మెట్లు సరిగ్గా ఆమె వెనక, కర్ర పైకి లేచే వైపు తెరుచుకుంటాయి. పై మెట్టు మీద కనకయ్య కూర్చుని ఉన్నాడు. ఆమె కర్ర ఎత్తింది, ఆగింది. ఆయన మెట్ల కిందికి తొంగి చూసి “ఊఁ” అన్నాడు. ఆమె కొట్టింది.

“నాకీ ఆట తెల్వదు మేడమ్. పోరగాండ్లు ఉరుక్కుంట మీదికొస్తరు. ఎవలికన్న తగుల్తదని కూసుంట. మీ తాన నేర్వకముందు నుంచే ఈడ కొడ్తది, నా ఊఁ కాకుండ కొట్టద్దని అప్పటి సంది చెప్పిన” అన్నాడు.

నాకు ముచ్చటేసింది. తండ్రి కాపలాలోంచి ఒక శైలి పుట్టిందనుకున్నాను. దేవుడు ఎటునుంచి ఏది ఇస్తాడో అని తిరుగుదారి పొడవునా దండం పెట్టుకున్నాను.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, రెండో విడత కరోనాలో కనకయ్య పోయాడు. చివరి చూపు దక్కలేదు. కొన్ని వారాలకు కోర్సు తెరిచాక శ్రీలత పనికి వచ్చింది. పునాదులు చెక్కుచెదరలేదు. ఆగడం మాత్రం లేదు. కర్ర పైకి వెళ్లినంత తొందరగా కిందికి వస్తోంది; బంతి ఎటు పోతుందో ఆమెకే తెలియడం లేదు.

ఒకరోజు తనే అడిగింది. “మేడమ్, జర మీరు ఎనక నిలవడి ఊఁ అనుండ్రి.” ఆమె కర్ర ఎత్తాక “ఊఁ” అన్నాను. బంతి పాత దారినే పోయింది. ఆ రోజు బుట్టలో బంతులన్నీ అయ్యేదాకా అంటూనే ఉన్నాను.

పరీక్షలో ఆటగాడి సంచి మోసే క్యాడీ పక్కన ఉండి మాట చెప్పడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఆమెకు క్యాడీగా నేనే వెళ్లాలని అనుకున్నాం. ఇంతలో నిర్వాహకుల నుంచి కబురు వచ్చింది: జబ్బు భయం వల్ల క్యాడీలకు అనుమతి లేదు, ఎవరి సంచి వారే మోసుకోవాలి.

మనసులోనే ఆగడం నేర్పడానికి అన్ని దారులూ వెతికాను. ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నాను. కుదరలేదు. నాకు తెలిసిన మందు ఒక్కటే మిగిలింది. పైన ఆగినప్పుడు లోపల ‘రామా’ అనుకొమ్మన్నాను.

“ఆ మాట వద్దు మేడమ్. ఏప్రిల్‌ల మా గల్లీ నుంచి లేచిన ప్రతి శవం ఎనక గదే మాట విన్న” అంది.

ఏ మాటా లేకుండానే పరీక్షకు వెళ్లాం.

పరీక్ష ఆ చలికాలంలో అహ్మదాబాదు దగ్గర జరిగింది. నేను చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల, మాస్కు కట్టుకుని నిలబడ్డాను. మొదటి సగం ఎలాగో నెట్టుకొచ్చింది. తర్వాత, నీటి గుంట దాటించి కొట్టాల్సిన ఒక హోల్ దగ్గర ఆమె కర్ర ఎత్తింది. అదే సమయంలో వెనక వచ్చే జట్టులో ఒకతను సంచి ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడైంది. ఆమె ఆగింది. పాత ఆగడమే, సరిగ్గా అక్కడే. కానీ కిందికి రాలేదు. కర్ర భుజం పైన అలాగే ఉంది. ఎదురుచూస్తోందని నాకు తెలుసు. తాడు అవతలి నుంచి నేను ఒక్క శబ్దం చేస్తే, బయటి సాయం కింద లెక్కగట్టి ఆమెను ఆట నుంచి తప్పిస్తారు. నోరు మూసుకుని నిలబడ్డాను. చివరికి చేతులు బరువెక్కి కర్ర దానంతట అదే పడ్డట్టు దిగింది. బంతి నీళ్లలో పడింది. ఆ తర్వాత ప్రతి దెబ్బకూ అంతే. పరీక్ష నెగ్గలేదు.

తిరుగు రైలు సూరత్ దగ్గరి కిమ్ స్టేషన్ దాటింది. అప్పుడు శ్రీలత అంది: “ఎనక ఎవలో ఉన్నరనిపించింది మేడమ్. ఎవలూ లేరని ఎవలన్న చెప్తే కొడుతుంటి.”

క్లబ్బు సిబ్బందిని తగ్గించినప్పుడు ఆమె పని పోయింది. ఇప్పుడు సూరత్‌లోనే పాండేసరలో ఒక రంగుల మిల్లులో బట్ట మడతలు పెడుతోంది. మళ్లీ పరీక్షకు రమ్మని రెండుమూడుసార్లు ఫోన్ చేశాను. “చూద్దాం మేడమ్” అనేది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. మరుసటి ఏడాది నేను పదవీ విరమణ చేశాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం నేను మానలేదు. ఆ రోజుల్లో మాత్రం దేనికి చెప్పుకుంటున్నానో తెలియకుండానే చెప్పుకున్నాను.

ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పగలిగేది ఇది. గ్రిప్పు, పాదాలు చూసి పునాది అంటాం, కంటికి వింతగా ఉన్నదాన్ని శైలి అంటాం. శ్రీలత విషయంలో ఆ ఆగడమే పునాది. దాని మీదే మిగతావన్నీ నిలిచాయి, అది ఆమె ఒంట్లో లేదు, తండ్రి గొంతులో ఉంది. ఎవరైనా తమ సొంత స్వింగ్ చూపిస్తే, అది ఎక్కడ అలవాటైందో, అప్పుడు పక్కన ఎవరు ఉన్నారో ముందు అడగాలి. ఆ మనిషి లేకుండా ఒకసారి కొట్టించి చూడాలి.