మ్యాప్‌లో మెట్ల దారి

బస్టాండులో విచారణ కిటికీ వెనక పందొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న మనిషి ఆవిడ. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏటి ఒడ్డుకు ఎటు నడవాలో, ఏ సందులో చెప్పులు బాగు చేస్తారో ఎవరడిగినా టక్కున చెప్పేది. తలెత్తకుండానే, గొంతును బట్టి మనిషి ఊళ్ళోవాడో పొరుగూరివాడో పోల్చుకునేది. ఇంటికి పెద్దకోడలు. ఇన్నేళ్ళలో ఆవిడ గురించి ఒక్క మంచి ముక్క రాసిన పాపాన ఎవరూ పోలేదు.

అలాంటిది, తోడికోడలి ఫోటో పేపర్లో పడింది.

ఊళ్ళో మొదటిసారి భారీ ఎత్తున పడవ పందేలు పెడుతున్నారు. మూడు రోజులు. వేలమంది వస్తారని మున్సిపాలిటీ వాళ్ళు ఏటి ఒడ్డున బెంచీలు వేయించారు, మంచినీళ్ళ కుళాయిలు పెట్టించారు, మరుగుదొడ్లకు కొత్త తలుపులు బిగించారు. ఆ మున్సిపాలిటీ పర్యాటక విభాగంలో చిన్నకోడలు చేరి రెండేళ్ళు కూడా కాలేదు. 'అతిథుల కోసం ఊరిని ముస్తాబు చేస్తున్న యువ అధికారిణి' అని ఫోటో కింద అచ్చేశారు. అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

"ఫోటోలో భలే పడింది కదే మన చిన్నది!"

"పడకేం అత్తయ్యా, అన్ని లైట్లు వేసి తీస్తే నేనూ పడతాను" అంది పెద్దావిడ. నవ్వుతూనే అంది గానీ ఫ్రిజ్ తలుపు విసురుగా వేసింది.

ఆ ఆదివారం చిన్నది ఒక పెద్ద కాగితం పట్టుకొచ్చి ఆవిడ ముందు పరిచింది.

"అక్కా, వచ్చేవాళ్ళకు పంచడానికి మ్యాప్ వేయించాం. ఒక్కసారి చూసిపెట్టరూ? మీకు తెలిసినట్టు ఈ ఊరు మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. రేపే ప్రింటుకు పోతుంది."

పెద్దావిడ వేలు బస్టాండు దగ్గర మొదలై, ఎర్రగీత వెంట ఏటి ఒడ్డుకు నడిచి, పాత మార్కెట్టు దగ్గర ఆగింది. గీత నేరుగా మెట్ల మీదుగా దిగుతోంది. నలభై రెండు మెట్లు. పిల్లల బండి గానీ చక్రాల కుర్చీ గానీ దిగే దారి కాదు. ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఏటవాలు సందు ఉంది, ఐదు నిమిషాలు ఎక్కువ నడవాలంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే మ్యాప్ బాగుపడుతుంది. మ్యాప్ బాగుపడితే ఇంకో ఫోటో పడుతుంది.

"బాగుంది" అంది.

"నిజంగానా అక్కా?"

"బాగుందని చెప్పాగా!"

పందేల మొదటిరోజు పొద్దున పది గంటలకే కిటికీ ముందు ఒక ముసలామె ఆయాసపడుతూ నిలబడింది. పక్కన చక్రాల కుర్చీలో ఆమె భర్త. చేతిలో ఆ మ్యాపే.

"అమ్మా, దీన్ని నమ్ముకుని వెళ్తే మెట్లొచ్చాయి. మళ్ళీ ఇంతదూరం తోసుకొచ్చాను. వేరే దారి లేదా?"

పెద్దావిడ లేచింది. పక్క కౌంటరు మనిషికి కిటికీ అప్పగించి, కుర్చీ తానే తోసుకుంటూ బయల్దేరింది. సందులో దిగుతుంటే ఆ పెద్దాయన ముచ్చటపడ్డాడు. "ఇంత సుళువైన దారి మ్యాప్‌లో వేయలేదే! పాపం, వేసినవాళ్ళకు తెలిసుండదు."

ఆవిడ తల వంచుకుని తోసింది.

రేవు దగ్గర పైఅధికారి చిన్నదాన్ని నలుగురిలో దులిపేస్తున్నాడు. "పొద్దుట్నుంచీ ఇవే ఫిర్యాదులు! ఊరు తెలిసినవాళ్ళకు ఒక్కసారి చూపించొద్దా?"

"తొందరలో నేనే సరిగ్గా చూసుకోలేదు సార్" అంది చిన్నది. అక్కకు చూపించానన్న మాట పెదవి దాటనివ్వలేదు.

అది విని పెద్దావిడకు ఒళ్ళు మరింత భగ్గుమంది. చదువులో పైచేయి, ఉద్యోగంలో పైచేయి, చివరికి మంచితనంలోనూ దీనిదే పైచేయా! ఆ ఉక్రోషంలోనే ముందుకు నడిచింది.

"సార్, ఆ మ్యాప్ నాకు చూపించింది. తప్పు కనబడింది. కావాలనే చెప్పలేదు."

"మీరెవరండీ?"

"బస్టాండులో విచారణ. ఈ అమ్మాయికి తోడికోడల్ని."

అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చిన్నది మాత్రం ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. పెద్దావిడ ఆ పూట నుంచి పందేలు ముగిసేదాకా సెలవు పెట్టి, ప్రెస్సు సందు మొదట్లో నిలబడి, చక్రాల బళ్ళన్నింటినీ అటు మళ్ళించింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఇంట్లో చిన్నది పలకరించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కిటికీ ముందు వరసలో చిన్నది కనిపించింది. తన వంతు వచ్చేదాకా ఆగి అడిగింది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఓర్వలేక."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉంది, కొంచెం. అబద్ధమెందుకు చెప్పాలి?"

చిన్నది నవ్వలేదు. "నాకు కోపం తగ్గలేదు."

"తగ్గాలని నేనెక్కడన్నాను?"

వెనకాల ఎవరో స్టేషన్‌కు ఏ బస్సని కేకేశారు. చిన్నది పక్కకు జరిగింది. వెళ్ళిపోతుందనుకుంటే, పెద్దావిడ డ్యూటీ దిగేదాకా ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ ఒకే బస్సెక్కి, వేరువేరు సీట్లలో కూర్చుని ఇంటికి వెళ్ళారు.