మోగని చక్రం

అద్దం మేస్త్రి అసలు పేరేమిటో ఆ వీధిలో చాలామందికి తెలియదు. ఆయన చేతిలో పడ్డ కారు చక్రంలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారు, అంతే, ఆ పేరు అంటుకుపోయింది. మనిషి మాత్రం అద్దంలా ఉండడు. ఎప్పుడు చూసినా ఒంటినిండా బూడిదరంగు దుమ్ము, గోళ్ళ సందుల్లో పాలిష్ మరకలు, భుజాన ఓ చిరుగుల బనీను. మెరుగు పెట్టడానికి పాత బనీనును మించిన గుడ్డ లేదని ఆయన వాదన. దుకాణాల్లో అమ్మే ఖరీదైన గుడ్డలన్నీ దాని ముందు దిగదుడుపేనట. ఈ విషయంలో ఆయనకు ఎదురు చెప్పినవాళ్ళు ఆ పూటకి వేరే పని పెట్టుకోకూడదు, వాదన అంతసేపు సాగుతుంది.

కొత్త చక్రాలు కొనలేనివాళ్ళే ఆయన దగ్గరికి వచ్చేవారు. ఫుట్‌పాత్ అంచుకి రాసుకుని గీతలు పడ్డవి, రంగు పొక్కులు లేచినవి, బ్రేకుల మసి పట్టి నల్లబడినవి తెచ్చి పడేసేవారు. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో వాటి ఒళ్ళు తోమేవాడు. తరువాత గరుకు కాగితం, ఆ తరువాత కాస్త నున్నటిది, చివర్లో నీళ్ళలో తడిపి రుద్దే మరీ నున్నటిది. గీత లోతుగా ఉంటే లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్దడం. ఆపైన ప్రైమరు, వెండిరంగు, అన్నిటికీ పైన నీళ్ళలా ఉండే క్లియర్ కోటు. ఆ ఆఖరి కోటు కొట్టే ముందు దుమ్ము లేవకుండా షెడ్డు నేలంతా నీళ్ళు చల్లించేవాడు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మారంటే వాళ్ళకి మూడినట్టే.

ఇంత పనికీ ముందు ఒక తంతు ఉండేది. టైరు ఊడదీయించి, రిమ్మును దూలానికున్న కొక్కేనికి తగిలించి, చెక్క సుత్తితో ఒక్కటి వేసేవాడు. మంచి చక్రమైతే ఖంగున మోగుతుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఎక్కడైనా సన్నటి పగులు ఉంటే డప్పుమని ఊరుకుంటుంది. మోగనిదానికి ఆయన రంగు వేయడు. ఎంత బతిమాలినా సరే, ఎంత పెద్దమనిషి కారైనా సరే.

"మెరుగు లేని పగులు ఏదో ఒకనాడు కంటపడుతుంది. నేను మెరుగు పెట్టానంటే దాన్ని కప్పెట్టినట్టే. రేపు రోడ్డు మీద అది విరిగితే ఆ ప్రాణాలు ఎవరి ఖాతాలో వేయమంటావు?" అనేవాడు.

చక్రం మోగి, మనిషికి మాత్రం ఆ కాస్త ఖర్చు కూడా మోయలేనంత ఇబ్బందిగా ఉంటే, పని నేర్పి పంపేవాడు. "బంగారంలాంటి చక్రం బాబూ. టైరు ఎక్కించేసుకుని ఇంట్లోనే రంగు కొట్టుకో. పాత పేకముక్కలు టైరుకీ రిమ్ముకీ మధ్య చుట్టూ దోపు, టైరుకి రంగు అంటదు. పలచగా కొట్టు, ఆరనివ్వు, మళ్ళీ పలచగా కొట్టు. ఆత్రపడ్డావో, కారిపోతుంది."

"ఇలా విద్యంతా వీధిలో పంచిపెట్టండి, మనం ఆ పేకముక్కలే వండుకు తిందాం," అని భార్య విసుక్కునేది. ఆయన నవ్వేసి బనీను దులుపుకునేవాడు.

ఏళ్ళ తరబడి కంప్రెసరు పక్కనా గ్రైండరు పక్కనా నిలబడ్డందుకు చెవులు మెల్లగా దెబ్బతిన్నాయి. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి మాటలు అందేవి గానీ సన్నటి మోతలు అందేవి కావు. ఈ సంగతి ఆయనకే తెలియలేదు. ఒకరోజు చక్రం తగిలించి కొట్టాడు, మోత లేదు. పగిలిందనుకుని పక్కన పడేశాడు. అక్కడే గరుకు కాగితంతో రుద్దుతున్న బావమరిది ఆశ్చర్యపోయాడు.

"అదేంటి బావా, గంటలా మోగితే పారేశావు?"

మేస్త్రి తెల్లమొహం వేశాడు. మళ్ళీ కొట్టాడు. ఏమీ లేదు. అప్పుడు అర్థమై, రంగు డబ్బా మీద కూలబడ్డాడు. చెవి లేకపోతే ఆయన మాట లేదు, మాట లేకపోతే ఆ షెడ్డు లేదు. బావమరిది వచ్చి ఆయన ఎడమవైపు కూర్చున్నాడు.

"ఎందుకు బావా అంత బెంగ? నా చెవులు నీవే అనుకో. నువ్వు కొట్టు, నేను విని చెప్తా. బయట పురుగుకి కూడా తెలియనివ్వను."

తను చెయ్యి పట్టి పని నేర్పి, తోబుట్టువులా చూసుకున్న కుర్రాడు అంత మాట అనేసరికి మేస్త్రి బనీనులో మొహం దాచుకుని ఏడ్చాడు. భార్య కూడా ఆ రోజు నుంచి ఎప్పుడూ ఆయనకు ఎడమవైపునే కూర్చుని మాట్లాడేది. ఇలాంటి భార్య, ఇలాంటి బావమరిది దొరకడం తన అదృష్టమని పంక్చర్లు వేసే పక్కకొట్టు ముసలాయనతో చెప్పి మురిసిపోయేవాడు. బావమరిది షెడ్డుకి తలలో నాలుక అయ్యాడు. మోత వినడం, గీకడం, లప్పం పెట్టడం వాడి పని. రంగూ మెరుగూ మేస్త్రివి. అప్పటి నుంచి చక్రాలు వెనక్కి పంపడం బాగా తగ్గింది. ఈమధ్య జనం బండ్లు జాగ్రత్తగా నడుపుతున్నారు కాబోలు అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఒక ఉదయం బావమరిది థిన్నరు తేవడానికి వెళ్ళిన సమయంలో, కారు నడపడం నేర్పే టీచరమ్మ వచ్చింది. చేతిలో చక్రం ఉంది, మొహంలో కోపం లేదు, అదే ఆయనకు ఇబ్బందిగా తోచింది.

"రోజూ పొద్దున్నే ఈ టైరులో గాలి తగ్గిపోతోంది మేస్త్రీ గారూ. పక్కకొట్టు తాతగారు విప్పి చూస్తే టైరుకి చిల్లు లేదు. రిమ్ము లోపలివైపు ఇదిగో, గీత. ఇది మీరు మోగించి చూసిందే కదా?"

"మోగించకుండా ఎలా చేస్తానమ్మా? గుంతలో పడి కొత్తగా పగిలుంటుంది."

"అయ్యుండొచ్చు. స్టీరింగు కొత్తవాళ్ళ చేతికి ఇస్తాను కదండీ, అందుకే మీ మాట మీద నమ్మకంతో చేయించుకున్నాను."

ఆమెను పక్కకొట్టులో కూర్చోమని చెప్పి, రంగు ఊడదీసే మందు పూశాడు. తన చేత్తో వేసిన మెరుగు ముడతలు పడి పైకి లేచింది. బనీనుతో తుడిచాడు. పగులు అంచు దగ్గర మొదలై రిమ్ము సగందాకా పాకింది. దాని పొడుగునా లోపలిదాకా లప్పం దిగి ఉంది.

కొత్త పగులులోకి రంగు కింది లప్పం ఎలా వెళుతుంది?

 అయినా మేస్త్రి మనసు ఒప్పుకోలేదు. పాపం, బావమరిదికి మోత సరిగా వినపడక, మామూలు గీతే అనుకుని పెట్టాడేమో. చేతి పనిలో పొరపాట్లు రావా? వాడి తరఫున తనే వకాల్తా పుచ్చుకుని, తనతో తనే వాదించుకున్నాడు. ఆ తరువాత లేచి, గీకి పెట్టిన, పగులు లేని చక్రం ఒకటి కొక్కేనికి తగిలించి, అంచు మీద వేలికొనలు ఆనించి కొట్టాడు. సన్నటి వణుకు వేళ్ళలోంచి మణికట్టుదాకా పాకి చాలాసేపు ఉంది. దాన్ని దించి టీచరమ్మ చక్రం తగిలించి కొట్టాడు. వేళ్ళ కింద ఒక్క అదురు, అంతే. ఇన్నాళ్ళూ ఈ ఉపాయం ఎందుకు తట్టలేదా అని తిట్టుకున్నాడు. నమ్మకం ఉన్నచోట ఉపాయాలు వెతకరు కదా.

పగులును గోడవైపు తిప్పి పెట్టాడు. గీకేశాక చక్రాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, అది ఎవరిదో బావమరిది పోల్చుకోలేడు.

బావమరిది థిన్నరు డబ్బాతో వచ్చాడు. వాడి బండి వెనకే కూర్చుని మేస్త్రి భార్య క్యారేజీ తెచ్చింది.

"ఇది కాస్త విని చెప్పరా," అని మేస్త్రి అంచు మీద వేళ్ళు ఆనించి కొట్టాడు. వేళ్ళ కింద చక్రం చచ్చినట్టు ఊరుకుంది.

"ఖంగుమంది బావా! గంటే అనుకో."

"సరిగ్గా విన్నావా?"

"నీకు అబద్ధం చెప్తానా?"

మేస్త్రి భార్యవైపు తిరిగాడు. "నువ్వు కూడా విను." మళ్ళీ కొట్టాడు. ఆమె చక్రాన్ని చూడలేదు, తమ్ముణ్ణి చూసింది. తమ్ముడి కళ్ళు ఏం చెప్పాయో ఏమో, క్యారేజీ కింద పెడుతూ అంది.

"మోగిందండీ."

బావమరిది అబద్ధాన్ని మేస్త్రి ఎలాగో దిగమింగేవాడు. దీన్ని మింగలేకపోయాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.  చక్రాన్ని ఇటు తిప్పాడు. లప్పం నిండిన పగులు ముగ్గురి మధ్యా వేలాడింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని భార్యను అడిగాడు.

"మొదట్నుంచీ," అందామె తల దించుకుని. "చెప్తే మీరు షెడ్డు మూసేస్తారు. ఇంట్లో కూర్చుని కుమిలిపోతారు. మీకోసమే..."

"నాకోసం?"

"మనం పంపేసిన ప్రతివాడూ ఎదురు షాపుకే పోతున్నాడు బావా," అన్నాడు బావమరిది. "వాళ్ళు మోగించరు, ఏం చెయ్యరు, మెరిపించి పంపిస్తారు. ఎలాగూ ఎవరో ఒకరు మెరిపించే చక్రమే కదా, మన దగ్గరే మెరవనీ అనుకున్నా."

"అయితే నా చేత్తోనే కప్పెట్టించావు."

 మేస్త్రికి ఉన్నట్టుండి ఒక్కటే తెలుసుకోవాలనిపించింది.

"మొట్టమొదటిది, నేను పగిలిందని పక్కన పడేశానే... అదైనా మోగిందా?"

"మోగింది బావా. ఒట్టు. అక్క మీద ఒట్టు."

అది నిజమే అయ్యుండొచ్చు. కానీ మేస్త్రి ఇక నమ్మలేకపోయాడు. బనీనులో మొహం దాచుకుని ఏడ్చిన ఆ రోజు కూడా ఆయనకు మిగల్లేదు. దాన్ని కూడా వాళ్ళు ఎత్తుకుపోయారు.

బయటికి వెళ్ళి టీచరమ్మను పిలుచుకొచ్చాడు. గోడవారన, కార్లకు ఎక్కడానికి సిద్ధంగా, తళతళలాడే చక్రాలు వరసగా ఉన్నాయి. ఇవి కాక ఊరంతా తిరుగుతున్నవి ఎన్నో. వాటినీ ఒక్కొక్కటిగా వెనక్కి పిలవాలి, ఎదురు షాపువాడు నవ్వినా సరే, ఈ షెడ్డు ఉన్నా పోయినా సరే.

"నా చెవులు పోయాయమ్మా," అన్నాడు. ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదలు. "వేళ్ళతో పట్టుకు చూస్తున్నా గానీ, వాటి మీద నాకింకా గురి కుదరలేదు. మీరు విని చెప్పండి. నా మొహం చూసి కాదు, మోత విని చెప్పండి."

ఒకటి తగిలించి కొట్టాడు.

"మోగిందండీ," అందామె.

రెండోది కొట్టాడు. ఆమె కాస్త ఆలోచించింది. "లేదు మేస్త్రీ గారూ. ఇది మోగలేదు."

ఆయన వేళ్ళూ అదే చెప్పాయి. ఎన్నాళ్ళ తరువాతో ఆ షెడ్డులో ఆయనకు నిజం వినపడింది, అదీ బయటి మనిషి నోట. మేకు తీసుకుని, తను బనీనుతో రుద్ది రుద్ది మెరిపించిన చక్రం మీద అడ్డంగా గీత గీసేశాడు. మూడోది ఎత్తబోయాడు. భార్య చప్పున ఎడమవైపుకి వచ్చి నిలబడింది.

"మీరు కూర్చోండి. ఆవిడకెందుకు శ్రమ, నేను విని చెప్తాను. ఈసారి ఉన్నదున్నట్టే చెప్తాను."

మేస్త్రి చక్రం కొక్కేనికి తగిలించి, ఆమెవైపు తన వినపడని కుడిచెవి వచ్చేలా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

"వినండి టీచరమ్మా," అన్నాడు.